పై గీత దాకా

పై ఆసుపత్రి, రైడర్ల గది
సోమవారం

నాన్నగారికి,

నాలుగేళ్ళ తరవాత రాస్తున్నాను. క్షేమ సమాచారాల కోసం కాదు, బండి గురించి. మీకు ఫోను చేసినా వినపడదని పక్క షాపు టైలరన్న చెప్పాడు, అందుకే ఉత్తరం.

నేనిప్పుడు రక్తం మోసే రైడర్‌ని. కింద టౌనులో బ్లడ్ బ్యాంకు నుంచి చల్లటి పెట్టెలో ప్యాకెట్లు పెట్టుకుని కొండ మీద ఆసుపత్రికి తెస్తాను. ఘాట్ రోడ్డు, నలభై రెండు మలుపులు. బండి నాదే. కొని ఎనిమిది నెలలు. మూడు నెలలుగా ఇంజన్ ఆయిల్ కారుతోంది. పొద్దున్నే బండి తీస్తే కింద అరచెయ్యంత నల్ల మచ్చ. షోరూముకి మూడు సార్లు తీసుకెళ్ళాను. మొదటిసారి "కొత్త ఇంజను మేడం, కాస్త చెమట పడుతుంది" అన్నారు. రెండోసారి ఏదో గాస్కెట్టు మార్చారు. మూడోసారి ఆయిల్ మొత్తం తీసి కొత్తది పోసి, "చూశారా మేడం, చుక్క లేదు" అన్నారు. నిజమే, వారం రోజులు చుక్క లేదు. తరవాత మళ్ళీ మొదలు.

వచ్చే నెల ఆఖరి శుక్రవారం బండ్ల తనిఖీ. ఆయిల్ కారే బండిని ఆసుపత్రి గేటు లోపలికి రానివ్వరు. అంటే నా రూటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఈ పని పోతే నాకు ఇంకో పని దొరకదని కాదు. ఈ పనే కావాలి.

ఇంజన్ల సంగతి తెలిసినవాళ్ళందర్నీ అడిగేశాను. మీరొక్కరే మిగిలారు.

కారణం తోస్తే రాయండి. లేకపోతే వద్దు.

ఇట్లు,
మీ కూతురు


పంపుల షెడ్డు, వెనక గది
శుక్రవారం

నా బంగారు తల్లికి, నా పదో నంబరు పానాకి, నాన్న వెయ్యి దీవెనలు.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నీ బండి క్షేమంగా లేదు. ఆ లీకు చల్లగుండాలి! తల్లీ, తప్పుగా అనుకోకు. నీ బండికి రోగమొచ్చినందుకు నేను సంతోషపడకూడదు. పడ్డాను. ఆగలేకపోయాను.

పోస్టుమాన్ వచ్చేసరికి నా చేతులు మోచేతుల దాకా గ్రీజు. కవరు మీద నీ అక్షరాలు చూశాక ఇక చేతులు కడుక్కునే ఓపికేదీ? పళ్ళతో చింపాను. ఆ గ్రీజు రుచి ఇంకా నాలుక మీదే ఉంది. టైలరు దగ్గరికి పరిగెత్తి "మా అమ్మాయి రాసిందిరా" అని అరిచాను. నా అరుపు నాకు వినపడదు కదా, ఎంత గట్టిగా అరిచానో ఏమో, వాడు ఉలిక్కిపడి ఎవరిదో చొక్కా చెయ్యి సగానికి కత్తిరించేశాడు. "పొట్టి చేతుల చొక్కా అని చెప్పరా, ఎండాకాలం కదా" అన్నాను. వాడు పలక మీద పెద్ద బూతు రాసి చూపించాడు. (ఇప్పుడు అందరూ నాతో పలక మీదే మాట్లాడతారు. గిరాకీలు కూడా.)

రక్తం మోస్తున్నావా అమ్మా! పంపుల్లో నీళ్ళు తోడటం తప్ప నేనేం చేశాను? నువ్వు మనుషుల్లోకి ప్రాణం తోడుతున్నావు.

సరే, పనిలోకి వస్తాను. నూనెకి రెండే గుణాలు. కిందికి జారుతుంది, బండి పరిగెడితే గాలికి వెనక్కి పోతుంది. కాబట్టి బొట్టు పడిన చోట దొంగ ఉండడు. పైన, ముందర ఉంటాడు. ఇంజనంతా కిరసనాయిలుతో కడుగు. పొడిగుడ్డతో తుడిచి ఆరనివ్వు. మొహానికి రాసుకునే పౌడరు డబ్బా ఒకటి కొని, నాటకంలో వేషగాడికి పూసినట్టు ఇంజనంతా పూయి. పది కిలోమీటర్లు తోలు. అప్పుడు కూర్చుని చూడు. పౌడరు ఎక్కడ తడిసిందో, ఆ తడి పైకొస ఎక్కడుందో రాయి. నాకైతే కింద నూనె వదిలే బోల్టు దగ్గర రాగి వాషరు మీద అనుమానం.

వెంటనే రాయి. కోపంగానైనా రాయి.

నీ నాన్న


పై ఆసుపత్రి, రైడర్ల గది
గురువారం

నాన్నగారికి,

పదో నంబరు అని పిలవకండి. ఆ పేరు మీ షెడ్డులోనే వదిలేసి వచ్చాను.

పౌడరు పూశాను. తోటి రైడర్లు "ఏంటక్కా, బండికి ఫొటో తీయిస్తావా" అని నవ్వారు. పది కిలోమీటర్లు తోలి చూశాను. ఇంజను తల దగ్గర పౌడరు పొడిగానే ఉంది. మీరన్న బోల్టు దగ్గరా పొడిగానే ఉంది. తడి రెండు చోట్ల. ఒకటి, ఎయిర్ ఫిల్టరు డబ్బా కింద వేలాడే సన్నటి గొట్టం. రెండోది, చైను ముందు పళ్ళచక్రం వెనక నూనె బయటికి రాకుండా ఆపే సీలు దగ్గర.

గొట్టం కొస సరిగ్గా వెనక టైరుకి ముందుంటుంది. దాని అర్థం మీకు చెప్పక్కర్లేదు.

మొన్న ఇరవయ్యో మలుపులో బండి వెనక భాగం జారినట్టనిపించి ఆపి చూసుకున్నాను. టైరు తుడుచుకుని బయల్దేరేసరికి పద్దెనిమిది నిమిషాలు ఆలస్యం. పైన ఆపరేషన్ టేబుల్ మీద కాన్పు కష్టమైన ఒకామె ఉంది. నర్సు గేటు దాకా పరిగెత్తుకొచ్చి నా చేతుల్లోంచి పెట్టె లాక్కుని, "ఏమ్మా, చుట్టం చూపుకొచ్చావా?" అంది. ఆమె బతికింది, బిడ్డ కూడా. కానీ ఆ పద్దెనిమిది నిమిషాలూ నా పేరు పక్కన రిజిస్టరులో ఉన్నాయి.

తనిఖీకి ఇంక ఐదు వారాలు.

కూతురు


పంపుల షెడ్డు, వెనక గది
మంగళవారం

చిట్టి తల్లీ,

ఆ పేరు పెట్టి పిలవను. నువ్వు వద్దన్న ముక్క చదివి కూడా ఆనందమే, చూడు నా బతుకు! నువ్వు వద్దనడానికైనా నాకు రాశావు.

రెండు చోట్ల అని రాశావే, ఆ ముక్క దగ్గర ఆగిపోయాను. టీ చల్లారిపోయింది, ఈగ పడింది, తాగేశాను. కొత్త ఇంజను, కొత్త సీళ్ళు. ఒకచోట కారితే ఆ చోటిది తప్పు. రెండు చోట్ల ఒకేసారి కారితే ఆ రెండు చోట్లదీ కాదు తప్పు. కడుపు పట్టనంత తిన్నవాడు నోటినుంచి కక్కుతాడు, ముక్కునుంచీ కక్కుతాడు. నోటిని తిట్టి ఏం లాభం?

షోరూములో నూనె మార్చాక వారం బాగుందన్నావు. ఆ వారంలో ఏం జరుగుతోంది? నూనె ఎంతుందో నువ్వు ఎప్పుడు చూస్తావు, ఎలా చూస్తావు? బండి ఎక్కడ నిలబెట్టి చూస్తావు? చిన్న విషయమని వదిలెయ్యకు. అన్నీ రాయి.

ఆ గొట్టానికి చిన్న సీసా కట్టుకో, టైరు మీద పడకుండా. ఈ ఉత్తరం అందిన గంటలో కట్టు. నేను రానా? ఊఁ అను చాలు, రేపటి బస్సెక్కుతాను.

నాన్న


పై ఆసుపత్రి, రైడర్ల గది
ఆదివారం

నాన్నగారికి,

రావద్దు. వస్తే గేటు దగ్గరే ఆపించేస్తాను. నేను అడిగింది సలహా, మనిషిని కాదు.

సీసా కట్టాను. రెండు రోజుల్లో నిండుతోంది.

నూనె రోజూ చూస్తాను. పొద్దున ఇంజను స్టార్ట్ చెయ్యకముందే. బండి ఆసుపత్రి వెనక పెరట్లో సైడు స్టాండు మీద ఉంటుంది. కుడివైపు ఇంజను అడుగున గాజు బిళ్ళ ఉంది, దాని మీద కింది గీత, పై గీత. ఎప్పుడు చూసినా నూనె కింది గీతకి కూడా అందదు. పై గీత దాకా వచ్చేలా పోస్తాను. రోజుకి ఒక మూత, ఒక్కోసారి రెండు. అయినా మర్నాటికి మళ్ళీ తక్కువే. ఎంత కారిపోతోందో మీకే అర్థమవుతుంది.

ఇంత జాగ్రత్తగా ఎందుకు చూస్తానని అడగొద్దు. మీకు తెలుసు.

కూతురు


పంపుల షెడ్డు, వెనక గది
బుధవారం

తల్లీ! తల్లీ! దొరికాడు దొంగ!

నీ ఉత్తరం చదివి షెడ్డులో గంతులేశాను. మోకాళ్ళు ఇప్పుడు నన్ను తిడుతున్నాయి, తిట్టనీ. నీ బండికి ఏ రోగమూ లేదు. బంగారం లాంటి ఇంజను. నూనె ఎక్కువైంది, అంతే!

చూడు. సైడు స్టాండు వేస్తే బండి ఎడమకి వాలుతుంది. లోపలి నూనె కూడా ఎడమకే పోతుంది. నీ గాజు బిళ్ళ కుడివైపు. అందుకే దానికి నూనె అందదు, తక్కువున్నట్టు కనిపిస్తుంది. గిన్నె వంచి ఎత్తు వైపునుంచి చూస్తే పాలు తగ్గినట్టే ఉంటుంది. నువ్వు తక్కువనుకుని పోశావు, పోశావు, పోశావు. ఇంజను పాపం ఎంత తాగుతుంది? ఆ సన్నటి ఊపిరి గొట్టంలోంచి కక్కింది, సీలు పక్కనుంచి తోసింది. షోరూమువాళ్ళు కొలిచి పోసినప్పుడు వారం బాగున్నది అందుకే.

చెయ్యాల్సింది ఇంతే. చదునైన చోట బండిని నిట్టనిలువుగా పట్టుకో. ఇంజను ఆపిన ఐదు నిమిషాలకి గాజు బిళ్ళ చూడు. పై గీత దాటి ఉంటుంది. ఎక్కువైంది తీసెయ్. ఇక ఒక్క మూత కూడా పొయ్యకు.

నాకు ఇవాళ పండగే.

నాన్న


పై ఆసుపత్రి, రైడర్ల గది
సోమవారం

నాన్నగారికి,

నూనె తియ్యను.

మీకు పండగలాగే ఉంటుంది. నలభై రెండు మలుపులు మీరు తోలరు. నూనె కారుతున్న బండిలోంచి ఇంకా నూనె తీసెయ్యమంటున్నారు. నిలువుగా పట్టుకుని చూశాను. పెట్టెతో కలిపి బరువు, ఒక్కదాన్నే, వంగి చూడటం కుదరదు. గాజు బిళ్ళ మొత్తం నల్లగా కనిపించింది. నిండిందో, మసి పట్టిందో తెలియలేదు. మీ మాట నమ్మి తీసేసి, మీరు పొరపాటు పడ్డారనుకోండి, ఘాట్‌లో ఇంజను ఎండి పట్టేస్తే?

నా చేతుల్లో ఒక ఇంజను ఎండి చచ్చింది. నాలుగేళ్ళ కిందట మీ షెడ్డుకి రిపేరుకొచ్చిన పంపు ఆసామి ఇంజను. నూనె మార్చి బోల్టు బిగించడం మరిచిపోయింది నేను. అందరి ముందూ మీరన్న మాట గుర్తుంది. "దీని చేతికి యంత్రం దక్కదు." ఆ రోజు నుంచి నిద్ర లేవగానే నేను చూసేది నూనె. నా చేతుల్లో ఇంకో ఇంజను ఎండనివ్వను.

నా అక్షరాలు వంకరగా ఉన్నాయని రాయకండి. కుడి మణికట్టుకి కట్టు ఉంది. ముప్పై ఒకటో మలుపులో జారాను. సీసా నిండి పొంగింది, చూసుకోలేదు. ప్యాకెట్లకి ఏమీ కాలేదు.

తనిఖీకి పద్దెనిమిది రోజులు.

కూతురు


పంపుల షెడ్డు, వెనక గది
శుక్రవారం

అమ్మా,

ఈ ఉత్తరం ఐదుసార్లు రాసి చింపాను. చింపిన ముక్కలు కూడా ఎవరైనా చదువుతారేమోనని పొయ్యిలో వేశాను. నాకు సిగ్గు అంత గొప్పది. ఇక దాన్ని పోషించలేను. నువ్వు జారావు.

పంపు ఆసామి ఇంజను బోల్టు నువ్వు బిగించావు. గట్టిగా, సరిగ్గా, నేను నేర్పినదానికన్నా బాగా. నువ్వు చేతులు కడుక్కోడానికి వెళ్ళినప్పుడు నేను దాన్ని విప్పాను. కూతురి పని సరిచూసే తండ్రి గొప్ప! వాషరు చూసి, మళ్ళీ పెట్టి, వేళ్ళతో తిప్పాను. పానా అందుకునేలోగా ఆసామి వచ్చాడు. "మేస్త్రీ, అయిందా?" అన్నట్టు చెయ్యి ఊపాడు. అయిందన్నాను. పానా బల్ల మీదే ఉండిపోయింది.

తరవాత షెడ్డులోనే అరగంట నడిపి చూశాం. నువ్వు పరిగెత్తుకొచ్చి నా భుజం పట్టుకుని "నాన్నా, శబ్దం తేడాగా ఉంది, ఆపు" అన్నావు. "నీకేం తెలుసు, నోరుముయ్" అన్నాను. తల్లీ, నాకు ఆ శబ్దం వినపడలేదు. అప్పటికే ఆర్నెల్లయింది నా చెవులు పోయి. పెదాలు చూసి నెట్టుకొస్తున్నాను. చెవిటి మేస్త్రీ దగ్గరికి ఇంజను ఎవడు తెస్తాడు? అందుకే విన్నట్టు నటించాను. మర్నాడు పొలంలో ఇంజను పట్టేసింది. ఆసామి నలుగురినీ వెంటేసుకుని వచ్చాడు. బోల్టు లేని రంధ్రం చూడగానే నాకంతా తెలిసింది. నా నోటినుంచి వచ్చింది మాత్రం "పిల్ల చేతి పని" అని. తరవాత ఇంకోటీ వచ్చింది. నువ్వు రాసిందే.

నువ్వు తలొంచుకున్నావు. నిజమేననుకున్నావు. అది చూసి కూడా ఊరుకున్నాను. అక్కడే ఉంది నా పాపం. మరుపు కాదు, ఊరుకోవడం.

ఇప్పుడు అర్థమైందా, నువ్వు రోజూ ఎవరి అబద్ధాన్ని మూతలు మూతలుగా పోస్తున్నావో? నీ చేతికి యంత్రం దక్కుతుంది. నా నోటికే నిజం దక్కలేదు.

తిట్టు. మొహం చూడకు. కానీ నూనె పొయ్యకు. ఎక్కువైంది తియ్యి.

నాన్న


పంపుల షెడ్డు, వెనక గది
గురువారం

అమ్మా,

వారం అయింది. పోస్టుమాన్ నన్ను చూసి ఇప్పుడు రోడ్డుకి అవతలి పక్కనుంచి పోతున్నాడు. నిన్న అడ్డం వెళ్ళి సంచీ మొత్తం వెతికించాను. "నీ కూతురు రాస్తే నేను దాచుకుంటానా పెద్దాయనా" అని పలక మీద రాశాడు.

టైలరు చేత ఫోను చేయించాను. "మీ నాన్న" అనగానే పెట్టేశావట. మంచిదే. బతికున్నావని తెలిసింది. వాడు రెండోసారి చేస్తానన్నాడు, వద్దన్నాను. బండి మీద ఉండగా మోగితే?

తనిఖీకి ఎనిమిది రోజులు. అది పోతే పోనీ అనలేను, నువ్వు "ఈ పనే కావాలి" అని రాశావు. కానీ నాకు తనిఖీ భయం రెండోది. మొదటిది ఆ మలుపులు. కళ్ళు మూసుకుంటే టైరు కింద నూనె, తెరిస్తే షెడ్డు నేల మీద నూనె. నలభై ఏళ్ళు నూనెలో బతికినవాణ్ణి, ఇప్పుడు నూనె డబ్బా మీద గోనె కప్పి పెట్టాను.

నా మాట నమ్మొద్దు, నిజమే, నమ్మడానికి నేనేం మిగిల్చాను? షోరూమువాణ్ణి అడుగు. నీ తోటి రైడర్లని అడుగు. దారిన పోయేవాణ్ణి అడుగు. ఒకరు బండి నిలువుగా పట్టుకోండి, ఒకరు చూడండి. అంతే కదమ్మా. రెండు నిమిషాల పని.

నాన్న


పంపుల షెడ్డు
సోమవారం

అమ్మా,

ఈ ఉత్తరం తనిఖీ ముందు రోజు అందుతుంది. నీ దగ్గరికి వచ్చే బస్సు దాకా రెండుసార్లు వెళ్ళి వెనక్కి వచ్చాను. నువ్వు వద్దన్నావు. ఇంతవరకూ నీ మాట ఒక్కటి కూడా వినలేదు నేను, ఇదొక్కటైనా వింటున్నాను.

పొయ్యకు. దణ్ణం పెడతాను, పొయ్యకు.


పై ఆసుపత్రి, రైడర్ల గది
శనివారం

నాన్నా,

నువ్వు నిజం రాసిన ఆ ఉత్తరం అందిన రోజు నేను డ్యూటీకి వెళ్ళలేదు. జ్వరమని చెప్పాను. అబద్ధం నాకూ వచ్చు, నీ కూతుర్నే కదా.

నాలుగేళ్ళు నాన్నా. అద్దెకున్న గదిలో కుళాయి చెడినా నేను ముట్టుకోలేదు, నా చేతికి దక్కదని. ఈ బండి కొనడానికి కూడా ఏడాది ఆలోచించాను. నువ్వేమో హాయిగా షెడ్డులో కూర్చుని చెవిటివాడినని జాలి పడుతున్నావు నీ మీద నువ్వే! నీ చెవులు పోయినందుకు నాకు కోపం లేదు. నా చేతులు తీసేసుకున్నందుకు ఉంది. ఎంతుందో కొలవడానికి ఏ గాజు బిళ్ళా సరిపోదు.

బుధవారం నూనె తీశాను. నిన్ను నమ్మి కాదు. ఇది కూడా అబద్ధమేనని రుజువు చేద్దామని. తోటి రైడరు బండి నిలువుగా పట్టుకున్నాడు, నేను బోల్టు విప్పాను. ఖాళీ సెలైన్ సీసాల్లోకి పట్టాను. లీటరు పట్టే ఇంజను నాన్నా అది. లీటరున్నరకి కాస్త తక్కువ వచ్చింది. రెండో సీసా నిండినా ధార ఆగలేదు. మూడోది పెట్టేసరికి అక్కడే నేల మీద కూర్చున్నాను. "అక్కా, బండి బాగైతే ఏడుస్తారేంటి?" అన్నాడు వాడు.

కొలిచి లీటరు పోశాను. కడిగాను. బోల్టు నేనే బిగించాను. ఎవరినీ సరిచూడనివ్వలేదు.

నిన్న తనిఖీ. బండి కింద తెల్ల కాగితం పరిచి గంట నడిపించారు. కాగితం తెల్లగానే ఉంది. రూటు నాదే.

అయినా అయిపోలేదు. ఆ రోజు నన్ను అన్నది నలుగురి ముందు. ఈ నిజం నాకొక్కదానికే ఉత్తరంలో రాసి ఊరుకుంటావా? పంపు ఆసామికి చెప్పు. ఆ నలుగురికీ చెప్పు. చెప్పాకే నాకు రాయి.

కూతురు


పంపుల షెడ్డు, ముందు వసారా
ఆదివారం

నా తల్లికి, నా తల్లికి, నా తల్లికి,

తెల్ల కాగితం! ఆ మాట దగ్గర ఎన్నిసార్లు వేలు పెట్టి చదివానో, అక్కడ సిరా చెరిగిపోయింది. నువ్వు తిట్టావు. తల్లీ, "నువ్వు" అని తిట్టావు! "గారు"తో తిన్న దెబ్బలకన్నా ఇవి చల్లగా ఉన్నాయి. ఇంకా తిట్టు. అన్నీ నిజమే.

చెప్పాను. ఆసామి ఇంటికే వెళ్ళాను. వాళ్ళ గుమాస్తా, ఆ రోజు వచ్చిన ఇద్దరు రైతులూ ఉన్నారు, నాలుగోవాడు ఊళ్ళో లేడు. వాడికి కార్డు రాశాను. నిలబడే చెప్పాను. కూర్చోమన్నారు, కూర్చోలేదు. కూర్చుంటే తగ్గించి చెబుతానేమోనని భయం. బోల్టు, పానా, శబ్దం, నీ మీద వేసిన నింద, అన్నీ. గొంతు పెద్దదై వీధిలోకి కూడా వినపడిందట. జనం చేరారు. అదీ మంచికే, నలుగురనుకుంటే నలభై మంది అయ్యారు.

గుమాస్తా నవ్వాడు. రైతు ఒకాయన ఉమ్మేసి వెళ్ళిపోయాడు. ఆసామి పలక తీసుకుని ఏదో రాశాడు, తుడిచేశాడు. మళ్ళీ రాశాడు, తుడిచాడు. మూడోసారి రాసింది నాకు చూపించాడు. "ఆ పిల్లని నేనూ తిట్టాను కదా మేస్త్రీ. నా తిట్టు ఎవరు వెనక్కి తీసుకుంటారు?"

రెండు ఇంజన్లు షెడ్డులోంచి వెనక్కి తీసుకెళ్ళారు. కొత్తవి రాలేదు. నిజం చెప్పినవాడికి పని తగ్గుతుందని తెలిసే చెప్పాను కాబట్టి ఏడుపు లేదు. కడుపు తేలికగా ఉంది, నీ బండిలాగే.

నిన్ను రమ్మని అడగను. అడిగే మొహం లేదు.

నాన్న


పై ఆసుపత్రి, రైడర్ల గది
మంగళవారం

నాన్నా,

టైలరన్న కూడా ఫోను చేసి చెప్పాడు, నువ్వు చెప్పింది నిజమేనని. ఈసారి పెట్టెయ్యలేదు.

వచ్చే సోమవారం కింద టౌను బ్లడ్ బ్యాంకులో నిల్వ ఉండదట. మీ వైపు పెద్దాసుపత్రి నుంచి తేవాలి, డ్యూటీ నాకు పడింది. తిరుగు ప్రయాణంలో పదకొండింటికి షెడ్డు ముందు రోడ్డు మీదుగా వెళ్తాను.

ఆగను. పెట్టెలో రక్తం ఉంటుంది.

బయట నిలబడు.


పంపుల షెడ్డు, ముందు రోడ్డు
సోమవారం, పన్నెండింటికి

అమ్మా,

తొమ్మిదింటి నుంచే నిలబడ్డాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. టైలరు కుర్చీ తెచ్చి వేశాడు, కూర్చోలేదు. ఆసామి కూడా వచ్చాడు, నేను పిలవలేదు, తనంతట తనే వచ్చి గొడుగు పట్టుకుని నా పక్కన నిలబడ్డాడు.

పదకొండుంపావుకి వచ్చావు. ఆగనన్నావు, ఆగలేదు. ఎంత మంచి పని చేశావు! చూపు రోడ్డు మీదే ఉంది. నడుం నిటారుగా ఉంది. వెనక ఎర్ర గుర్తు పెట్టె. ఆసామి రెండు చేతులూ జోడించాడు, గొడుగు జారి నా నెత్తిన పడింది. ఆ గొడుగు తప్పించుకుని చూసేలోగా నువ్వు మలుపు తిరిగావు.

తరవాత నేను రోడ్డు మధ్యలోకి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాను. నువ్వు వెళ్ళిన దారి వెంట చేత్తో తడుముతూ పోయాను. వెనక లారీవాడు హారను కొట్టి, దిగి తిట్టాడట, నాకేం వినపడుతుంది? ఆసామి చొక్కా పట్టి లాగుతున్నాడు, టైలరు ఆ లారీవాడితో తగాదా పెట్టుకున్నాడు. నేను లేవలేదు. ముప్పై అడుగుల దాకా చూశాను తల్లీ, చెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాను.

దుమ్మే ఉంది. ఒక్క బొట్టు లేదు.

నాన్న